మేజా కింది మున్షీ

"సర్వర్ లేదమ్మా, రేపు రాండి."

కడప జిల్లాలో కాగితం కోసం కచేరీ మెట్లెక్కిన ఏ ఖాందాన్‌కైనా ఈ మాట కొత్త కాదు. మన అమ్మీలు, ఖాలాలు ఆ "సర్వర్" ఎవరో పెద్ద సాహెబ్ అనుకుని, "ఆయన ఎప్పుడొస్తాడు బేటా?" అని అడిగిన రోజులు కూడా నాకు గుర్తున్నాయి. నవ్వొచ్చేది, తర్వాత బాధేసేది. ఎందుకంటే చాలాసార్లు సర్వర్ ఉండనే ఉంటుంది, బేఫికర్‌గా నడుస్తూనే ఉంటుంది. దానికీ కిటికీ దగ్గరి కంప్యూటర్‌కీ మధ్యన, మేజా కింద, దుమ్ములో చెప్పుల పక్కన ఓ చిన్న డబ్బా ఉంటుంది చూడండి, ఎనిమిది చిల్లులు, మిణుకుమిణుకుమనే దీపాలు. తక్లీఫ్ అంతా దాని దగ్గర. దాని పేరు స్విచ్. తెలుగులో తారీఖు అంటే తేదీ ఒక్కటే, ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ రోజు ఆ డబ్బా తారీఖ్ చెబుతాను.

2004 నుంచి కొన్నేళ్లు నా రోజీరోటీ కేబుళ్లు లాగడమే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల మిద్దెల మీద, జమ్మలమడుగు వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల ఆఫీసు గదుల్లో, పులివెందులలో కంప్యూటర్ సెంటర్లలో చాలా తీగ లాగాను. కాబట్టి ఇందులో కొంత చదివింది, కొంత వేళ్లకు తెలిసింది.

మొదలు కచేరీతోనే పెడతాను. దస్తావేజు, నకలు, దాఖలా, రసీదు, హక్కు, జమాబందీ, తహసీల్, జిల్లా. ఇవన్నీ ఫార్సీ, అరబీ మాటలని మన పిల్లలకే తెలీదు. జమ్మలమడుగు పక్కన గండికోటను 1650 ప్రాంతంలో గోల్కొండ వజీర్ మీర్ జుమ్లా పట్టుకున్నాడు. తర్వాత కడప నవాబుల జమానా నడిచింది. 1800లో నిజాం ఈ ఇలాకాను కంపెనీకి రాసిచ్చాక థామస్ మన్రో కలెక్టర్‌గా వచ్చాడు. దొరలు మారారు, లెక్క రాసే మాటలు మాత్రం మారలేదు. ఈ రోజుకీ ఇల్లు అమ్మే రెడ్డిగారూ కొనే చెట్టిగారూ మన నానా మాట్లాడిన మాటల్లోనే సంతకాలు చేస్తున్నారు.

1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కాలి. గుమాస్తా కూర్చుని అసలును చూస్తూ చేత్తో నకలు రాసేవాడు. అసలు హుషారైన ఏర్పాటు ఏమిటంటే, ఆ పుస్తకాలకు రెండు ఇండెక్సులు. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. ఈసీ కావాలంటే ఈ ఇండెక్సులు తిప్పాలి. ఎవరి ఖబర్ ఏ పుటలో ఉందో చెప్పే పట్టిక లేకపోతే అల్మారా నిండా పుస్తకాలున్నా బేకార్. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, స్విచ్ కడుపులో ఉన్నదీ అదే.

స్విచ్ అనే మాట టెలిఫోన్ వాళ్లది. ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరమ్మ కూర్చుని ఈ తీగను ఆ చిల్లులో పెట్టి ఇద్దరిని కలిపేది. ప్రొద్దుటూరులో పత్తి ధర, బంగారం ధర కోసం ట్రంకాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూర్చున్న సంగతి మా అబ్బా మజాగా చెప్పేవారు. ఆపరేటర్‌కి దయ కలిగితే లైను, లేకపోతే లేదు. అమెరికాలో శవపేటికల వ్యాపారి ఆల్మన్ స్ట్రోజర్‌కు కూడా ఇదే అనుమానం వచ్చిందంటారు, తన గిరాకీల ఫోన్లు ఆపరేటర్ పోటీదారుకి తిప్పేస్తోందని. కోపంతో మనిషే అవసరం లేని ఎక్స్‌ఛేంజి కనిపెట్టాడు. పేటెంటు 1891లో వచ్చింది. మన దేశంలో ఎస్‌టీడీ 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. పల్లెలకు మాత్రం 1984లో పుట్టిన సీ-డాట్ వల్లే మంచి రోజులొచ్చాయి. ఏసీ గది లేకుండా ఎండనూ దుమ్మునూ తట్టుకునే 128 లైన్ల చిన్న ఎక్స్‌ఛేంజి చేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. మే నెలలో మన వైపు ఎండ తిన్నవాళ్లకు ఆ ఏసీ లేకుండా అన్న మాట ఖీమతు తెలుస్తుంది.

ఇక కంప్యూటర్ల సంగతి. 1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కచేరీలను 'కార్డ్' అనే ప్రాజెక్టు కింద కంప్యూటర్ల మీదికి తెచ్చారు. రోజులు పట్టే రిజిస్ట్రేషన్ గంటలో, ఈసీ నిమిషాల్లో అన్నారు. ఒక్కో కచేరీలో ఒక సర్వర్, కొన్ని కంప్యూటర్లు, వాటిని కలిపే లాన్. రెండు ఇండెక్సులూ యంత్రంలోకి దూరాయి. జనం కంప్యూటర్‌ను చూశారు, ప్రింటర్‌ను చూశారు. మధ్యలో తీగలు కలిసే చోటును ఎవరూ చూడలేదు.

ఆ రోజుల్లో చిన్న ఆఫీసుల్లో తీగలు కలిసే చోట ఎక్కువగా ఉండేది స్విచ్ కాదు, హబ్. హబ్‌కు అఖల్ లేదు. ఒక చిల్లులోంచి వచ్చిన మాటను మిగతా అన్ని చిల్లుల్లోకీ అరిచి చెబుతుంది. మన గల్లీలో ఒకరికి వచ్చిన చిఠ్ఠీని ఇల్లిల్లూ తిరిగి చదివినట్టు. ఎవరిది కాదో వాళ్లు చెవులు మూసుకోవాలి, అంతే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడై, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నాలుగు కంప్యూటర్లకు సరిపోయేది. పదిహేను అయ్యేసరికి బజార్ గోలే.

నిజానికి ఈథర్‌నెట్ పుట్టుకే ఆ అరుపు పద్ధతిలో. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్కాఫ్ రాసుకున్న ఆలోచన ప్రకారం అందరూ ఒకే తీగ మీద మాట్లాడాలి. దానికి తమీజ్ నేర్పిన వాళ్లలో మనవాడూ ఒకడున్నాడు. వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీ 1990లో ఏడు చిల్లుల ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కంపెనీ పేరు కల్పన. భరద్వాజ్ బీవీ పేరు అది! 1994లో సిస్కో దాన్ని కొనేసింది. ఈ రోజు ప్రపంచమంతా మేజాల కింద మిణుకుమనే డబ్బాల ఖాందాన్‌లో ఓ హిందుస్తానీ ఇల్లాలి పేరుందని మన ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు.

స్విచ్ చేసే పని మంచి మున్షీ పని. ప్రతి కంప్యూటర్‌కూ పుట్టుకతో వచ్చే నంబర్ ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు, 48 బిట్ల పొడవు. ఏ చిల్లులోంచి మాట వచ్చిందో, పంపినవాడి నంబర్ ఏమిటో మున్షీ వెంటనే పట్టికలో రాసుకుంటాడు. తర్వాత ఎవరైనా ఆ నంబర్‌కు ఖబర్ పంపితే ఆ ఒక్క దర్వాజాకే ఇస్తాడు, మిగతా వాళ్లకు చప్పుడు కూడా వినపడదు. పట్టికలో లేని నంబర్ అయితే మాత్రం ఒకసారి అందరినీ అడుగుతాడు, జవాబు రాగానే రాసుకుంటాడు. మామూలుగా 300 సెకన్లు ఎవరైనా గమ్మున ఉంటే పేరు కొట్టేస్తాడు. ఎవరూ నేర్పకుండా, విని నేర్చుకుంటాడు. రిజిస్ట్రార్ కచేరీ ఇండెక్సు గుమాస్తాకు ఏళ్లు పట్టే పని ఇతనికి క్షణం.

అయితే ఈ మున్షీకి ఒక కమ్జోరీ ఉంది. 2012 ఎండాకాలంలో నా కళ్లారా చూశాను.

ఓ ఆఫీసు. ఊరు, పేరు వద్దు. రెండు రోజులుగా "సర్వర్ లేదు". వరండాలో పల్లెల నుంచి వచ్చిన జనం. వాళ్లలో ఒక ఖాలా, చేతిలో పాత దుపట్టాలో మూటగట్టిన కాగితాలు. కొడుకును కువైట్ పంపాలి, ఇల్లు తాకట్టు పెట్టాలి, అప్పిచ్చేవాళ్లు ఈసీ అడిగారు. ఏజెంటు గడువు ఇంకో రెండు రోజులే. మన జిల్లాలో ఈ కథ ఎన్ని ఇళ్లదో మీకు చెప్పక్కర్లేదు.

లోపలికెళ్లి చూస్తే సర్వర్ బానే ఉంది. మేజా కింద స్విచ్ దీపాలన్నీ ఒకేసారి, పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. తీగలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయాను. ఒక తీగ స్విచ్‌లో బయల్దేరి, అల్మారా వెనక చుట్టుకుని, మళ్లీ అదే స్విచ్‌లోకి వచ్చి కూర్చుంది! ఊడ్చే అమ్మకు ఓ తీగ కొస వేలాడుతూ కనిపించింది. పాపం ఊడిపోయిందనుకుని ఖాళీ చిల్లులో పెట్టింది. ఆమె తప్పు ఏముంది, ఆ కొస అక్కడ వదిలేసి పోయిన మనవాడిది తప్పు.

అట్లా పెడితే ఏమవుతుందంటే, "అందరికీ" అని వచ్చిన మాట ఆ గుండ్రంలో తిరుగుతూనే ఉంటుంది, తిరిగినప్పుడల్లా కొత్త నకళ్లు పుట్టిస్తుంది. ఐపీ ప్యాకెట్‌కైతే ఇన్ని మజిలీల తర్వాత చచ్చిపోవాలని ఉమ్ర్ రాసి ఉంటుంది, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అది లేదు. కొన్ని క్షణాల్లో తీగలన్నీ నిండిపోయి అసలు మాటకు దారి ఉండదు.

దీనికి మందు 1985లోనే ఉంది. డీఈసీ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరమ్మ కనిపెట్టింది, స్పానింగ్ ట్రీ అంటారు. స్విచ్‌లు తమలో తాము మష్వరా చేసుకుని, తీగలు ఎన్ని చుట్లు తిరిగినా ఒక్క చెట్టు కొమ్మల్లాంటి దారులే తెరిచి ఉంచి, మిగతావి మూసేస్తాయి. తెరిచినది తెగితే మూసినది తెరుచుకుంటుంది. ఆమె ఆ పేపర్‌కు సారాంశంగా తానే రాసిన చిన్న నజ్మ్ పెట్టింది. షాయిరీ కూడా వచ్చిన ఇంజినీరన్న మాట. కానీ ఆ ఆఫీసులో ఉన్నది అగ్గువ డబ్బా. దానికి ఈ ఇల్మ్ లేదు.

తీగ పీకాను. దీపాలు ఒక్కొక్కటిగా నెమ్మదించాయి. సాయంత్రానికి ఖాలా చేతిలో ఈసీ. "క్యా బిగ్డా థా బేటా?" అంది. ఆ మూరెడు తీగ చూపించాను. "ఇత్తీ సీ తార్ కే వాస్తే?" రెండు రోజుల కూలీ, బస్సు చార్జీలు ఈ తీగకా అన్నట్టు చూసింది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి ఆదివారం ఆ ఆఫీసు లాన్ మొత్తం తిరగేసి కట్టాం. చేసినదంతా చెబుతాను, మన పిల్లలు చాలామంది ఈ పనిలో ఉన్నారు కాబట్టి. డబ్బాను నేల మీంచి తీసి గోడకు ఎత్తున బిగించాం, గాలి ఆడేట్టు. బండల దుమ్ము ఫ్యాన్‌ను ఏడాదిలో చంపేస్తుంది గనక ఫ్యాన్ లేని, సెట్టింగులు మార్చుకోగల రకం తెచ్చాం. దానికి యూపీఎస్, సరైన ఎర్తింగ్ పెట్టాం. తీగ కొసలన్నీ కొత్తగా కొట్టాం. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. మా ఉస్తాద్ దీన్ని అలిఫ్ బే లాగా కంఠతా పట్టించాడు, ఈ రోజుకీ నిద్రలో అడిగినా చెబుతాను. ఒక్క తీగ 100 మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో ఇంకో స్విచ్ కావాలి.

సెట్టింగుల్లో మొదటి పని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చడం. దుకాణంలో కొన్న తాళాన్ని అందరి దగ్గరా ఉన్న చెవితోనే వాడతామా? తర్వాత స్విచ్‌కు ఒక స్థిరమైన ఐపీ అడ్రస్, రౌటర్ మిగతా వాటికి పంచే అడ్రస్‌ల వరసకు బయట ఉండేట్టు. స్పానింగ్ ట్రీ ఆన్. కంప్యూటర్లు, ప్రింటర్లు ఉన్న చిల్లులను వెంటనే పని మొదలుపెట్టేట్టు పెట్టి, వాటిలో ఎవరైనా ఇంకో స్విచ్ తగిలిస్తే ఆ చిల్లు మూతపడేట్టు కాపలా పెట్టాం. వాడని చిల్లులన్నీ బంద్. ఇక ఊడ్చే అమ్మ ఎన్ని కొసలు పెట్టినా ఏమీ కాదు.

అసలైన పని వీల్యాన్. ఒకే డబ్బాను రెండు డబ్బాలుగా నడిపే ఇంతెజామ్ అది. 802.1క్యూ అనే పద్ధతి, 1998లో వచ్చింది, మన కార్డ్ వచ్చిన సంవత్సరమే. కౌంటర్ కంప్యూటర్లు, సర్వర్ 10వ నంబర్ వీల్యాన్‌లో, కెమెరాలూ వచ్చేపోయే వాళ్ల వైఫై 20లో. రౌటర్ వైపు పోయే ఒక్క తీగ రెండింటినీ మోస్తుంది, ఏది ఎవరిదో చీటీ అంటించి. స్విచ్ ఎవరి మాట వాళ్లకే ఇస్తుందని నమ్మి కూర్చుంటే చాలదు, దాని పట్టికను నింపేసి మళ్లీ హబ్‌లా అరిపించే చోర్‌లు ఉన్నారు. జనం ఆ కిటికీలో ఇచ్చేది ఆధార్ నంబర్, ఇంటి దస్తావేజు, వేలిముద్ర. అది అమానత్. వరండాలో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఎవడో అదే తీగ మీద ఉండకూడదు.

ఇంకొకటి, కుర్రాళ్లు చేసే గల్తీ. అంతా పెట్టి, నడుస్తోందని చూసి, సేవ్ చేయకుండా వెళ్లిపోతారు. చాలా స్విచ్‌ల్లో ఇప్పుడు నడిచే సెట్టింగులు వేరు, కరెంటు పోయి వచ్చాక చదువుకునేవి వేరు. మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసిందే. సేవ్ చేసి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో ఆఫీసు వాళ్లకే ఇచ్చేయాలి.

2017లో ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకొచ్చాయి. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. జమ్మలమడుగుకో పులివెందులకో బస్సెక్కాల్సిన కాగితం ఇప్పుడు ఊళ్లోనే దొరకవచ్చు. కానీ ఆ గదుల్లోనూ కంప్యూటర్లను కలిపే డబ్బా ఒకటి ఉంటుంది, దానికీ దుమ్ము పడుతుంది.

ఆ ఆదివారం అస్ర్ వేళకు పని అయిపోయింది. చివరగా ఒక నోటుబుక్కు కాగితం చించి రాసి, అల్మారా తలుపు లోపలివైపు అంటించాను. ఒకటో చిల్లు సర్వర్. రెండు నుంచి ఐదు కౌంటర్లు. ఆరు ప్రింటర్. ఏడు కెమెరాలు, వైఫై. ఎనిమిది రౌటర్. కింద ఎర్ర స్కెచ్‌తో, ఊడ్చే అమ్మ తెలుగు చదవగలదు కాబట్టి తెలుగులో: వేలాడే తీగ కనిపిస్తే పెట్టొద్దమ్మా, ఫోన్ చెయ్. పక్కనే నా నంబర్.