గల్ఫ్ స్టీరియో: దోహా నుంచి తెలుగు ఊళ్ళ దాకా ఒక మరమ్మతు చరిత్ర

ఖతార్ రాజధాని దోహాలో బీ రింగ్, సీ రింగ్ రోడ్ల నడుమ ఉన్న ఫరీజ్ బిన్ మహమూద్ అపార్ట్‌మెంట్లూ చిన్న దుకాణాలూ దట్టంగా అల్లుకున్న పేట. భారత ఉపఖండం నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు ఎక్కువగా కాపురముండే ఈ పేటకు, 2019లో మొదలైన మెట్రో గోల్డ్ లైన్‌లో పక్క స్టేషన్ ముషైరిబ్. ఆ ముషైరిబ్‌లోని కహ్రబా వీధి, అంటే కరెంటు వీధి, దోహాలో మొట్టమొదట విద్యుద్దీపాలు వెలిగిన వీధిగా పేరుపొంది, తర్వాతి దశాబ్దాల్లో ఎలక్ట్రికల్ సామాను అంగళ్ళకు నెలవై, 2010 తర్వాత సాగిన పునర్నిర్మాణంలో తన పాత రూపాన్ని కోల్పోయింది. ఇటువంటి వీధుల్లో అమ్ముడైన స్టీరియో పరికరాలు రెండు దారులు పట్టాయి: బరువైనవి దోహా ఇళ్ళలోనే ఉండిపోగా, మోయగలిగినవి విమానమెక్కి తెలుగు ఊళ్ళకు చేరాయి. ఆ రెండింటినీ దశాబ్దాల పాటు బతికించింది మాత్రం, వాటి తయారీలోని నాణ్యతతో పాటు, వాటిని విప్పి బాగుచేయగలిగిన మనుషుల విద్య.

స్టీరియో అంటే ఒకే పాటను రెండు వేర్వేరు మార్గాల్లో ముద్రించి, కుడి ఎడమ స్పీకర్ల ద్వారా వినిపించి, గాయకుడూ వాద్యాలూ ఎదుట వేర్వేరు చోట్ల ఉన్నట్టు తోపింపజేసే పద్ధతి. స్టీరియో లాంగ్‌ప్లే రికార్డులు 1958 నాటికి పాశ్చాత్య విపణిలోకి వచ్చాయి; 1963లో ఫిలిప్స్ సంస్థ బెర్లిన్‌లో కాంపాక్ట్ క్యాసెట్‌ను ప్రదర్శించింది; వేడెక్కే వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు రావడంతో యాంప్లిఫయర్లు, అంటే బలహీనమైన ధ్వని సంకేతాన్ని స్పీకరును కదిలించేంతగా పెంచే పరికరాలు, చవకై గృహోపకరణాలుగా మారాయి. జపాన్ సంస్థలు ఈ విద్యలో ముందంజ వేసిన కాలమూ, 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల ఆదాయం పొంగిన కాలమూ ఒకటే కావడం ఈ చరిత్రలో కీలకమైన విషయం. 1949లో తొలిసారి చమురు ఎగుమతి చేసి, 1971లో స్వతంత్రమైన ఖతార్‌లో కట్టడాలు లేస్తున్నప్పుడు, ఆ పనికి తరలివచ్చిన శ్రామికుల ఎదుట సోనీ, నేషనల్ పానసోనిక్, శాన్యో, పయొనీర్ వంటి పేర్లు అంగళ్ళ అద్దాల వెనుక మెరిశాయి.

1970లలో ఆ సంస్థల మధ్య సాగిన పోటీకి గుర్తు రిసీవర్, అంటే రేడియోనూ యాంప్లిఫయర్‌నూ ఒకే పెట్టెలో అమర్చిన యంత్రం. పయొనీర్ 1976లో ఒక్కో వైపు 160 వాట్ల శక్తినిచ్చే ఎస్‌ఎక్స్-1250ని, 1978లో 270 వాట్లనిచ్చే ఎస్‌ఎక్స్-1980ని విడుదల చేసింది. రెండవదాని బరువు సుమారు 35 కిలోలు. విమానంలో అనుమతించే సామాను బరువుతో పోల్చితే, ఇటువంటి యంత్రం స్వదేశానికి వెళ్ళే శ్రామికుడి వెంట రావడం దాదాపు అసాధ్యమని తెలుస్తుంది. అందువల్ల టర్న్‌టేబుల్, రిసీవర్, పెద్ద చెక్క స్పీకర్లతో కూడిన సెట్టు గల్ఫ్‌లో స్థిరపడ్డవారి హాలుకు పరిమితమై, రేడియో, క్యాసెట్, స్పీకర్లు ఒకే పిడికి వేలాడే ‘టూ ఇన్ వన్’ మాత్రం కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఇళ్ళకు చేరింది.

బరువు తర్వాత ఆ పరికరాల ఆయుష్షును నిర్ణయించింది కరెంటు. జపాన్‌లో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 100 వోల్టులు కాగా ఖతార్‌లో 240, భారతదేశంలో 230 వోల్టులు. కనుక జపాన్ వాడకానికి తయారైన పెట్టెను నేరుగా గోడ ప్లగ్గులో పెడితే ఫ్యూజు ఎగిరిపోవడమో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడమో జరుగుతుంది. ఎగుమతికి చేసిన అనేక నమూనాల వెనుక భాగంలో 110, 120, 220, 240 అంకెలున్న వోల్టేజి మార్పిడి మీట ఉండేది. గల్ఫ్‌లో అమ్మిన సరుకు తెలుగు ఇళ్ళలో వేరే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పనిచేయడానికి రెండు చోట్లా వోల్టేజి దగ్గరదగ్గరగా ఉండటమే కారణం. కరెంటు కోతలు మామూలైన ఊళ్ళలో పెద్ద టార్చి సెల్లతోనూ ఆడగల టూ ఇన్ వన్ మరింత ఆదరణ పొందింది.

అంతకుముందు తెలుగు ఇంట పాట వినడమంటే ప్రధానంగా ఆకాశవాణి వినడమే. కలిగినవారి ఇళ్ళలో మూత వేసి చేత పట్టుకుపోగల హెచ్.ఎం.వి. ఫియెస్టా వంటి రికార్డు ప్లేయర్లు ఉండేవి. భారతదేశంలో ఎఫ్.ఎం. ప్రసారాలు 1977లో మద్రాసులో మొదలైనా, తెలుగు ప్రాంతాలకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టినందువల్ల, గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల మీది ఎఫ్.ఎం. పట్టీ మూగగానే ఉండి, వాటిలోని స్టీరియో గుణమంతా క్యాసెట్ ద్వారానే వ్యక్తమైంది. ఘంటసాల గానం చేసిన భగవద్గీత వంటివి ఇంటింటా మోగిన ఆ కాలంలోనే, గల్ఫ్ వలస కుటుంబాలు ఖాళీ క్యాసెట్ మీద గొంతు రికార్డు చేసి ఉత్తరానికి బదులుగా పంపుకొన్నాయి. చదవడం రాయడం రాని తల్లికి కొడుకు మాట నేరుగా వినిపించిన ఆ యంత్రం చెడిపోతే, దాన్ని బాగుచేయించడం ఇంటికి అత్యవసరమైన పని అయ్యేది.

ఆ అవసరమే వీధి చివరి రేడియో మెకానిక్‌ను స్టీరియో మెకానిక్‌గా మార్చింది. ఐ.టి.ఐ.లలో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చదివినవారూ, గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవారూ ఈ వృత్తిలో ఉండేవారు. విడిభాగాలకు హైదరాబాద్‌లో కోఠీలోని గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ స్ట్రీట్ వారికి ఆధారం. జపాన్ విడిభాగం దొరకనప్పుడు కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగితీగ మళ్ళీ చుట్టడం, స్పీకర్ కాయిల్‌ను చేత్తో చుట్టి కొత్త కాగితపు కోన్ అతికించడం ఆ బల్లల మీద నిత్యకృత్యాలు. వారి పద్ధతుల్లో సిరీస్ బల్బు ప్రత్యేకంగా చెప్పుకోదగినది: అనుమానమున్న యాంప్లిఫయర్‌కు వచ్చే కరెంటును ముందుగా 60 లేదా 100 వాట్ల మామూలు బల్బు గుండా పంపితే, లోపల షార్టు ఉన్నట్లయితే బల్బు నిండుగా వెలిగి పెట్టెను కాపాడుతుంది, లోపం లేకపోతే ఒక్క క్షణం వెలిగి, విద్యుత్తును నిలవచేసి సమంగా అందించే కండెన్సర్లు నిండగానే మసకబారుతుంది. ఆ తర్వాత స్పీకర్ తగిలించే చోట నేరు విద్యుత్తు (డీసీ) కారడం లేదని మీటరుతో సరిచూసుకుని గాని స్పీకరును కలపరు.

ఈ పరికరాలు చెడే తీరులో వాతావరణం పాత్ర పెద్దది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలోని ద్రావణం వేడికి ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థూలంగా పాటించే లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే దోహాలో, ఏసీ ఆపి తాళం వేసి సెలవులకు వెళ్ళిన ఫ్లాట్‌లో నిలిచిన స్టీరియోకు ఈ లెక్క పూర్తిగా వర్తిస్తుంది. ద్రావణం ఆరిన కండెన్సర్ మూలంగా స్పీకర్లలో గుయ్యిమనే మోత మొదలవుతుంది. సముద్రపు తేమకు స్పీకర్ అంచుల్లోని ఫోము పొడిపొడిగా రాలుతుంది. క్యాసెట్ డెక్కు రబ్బరు బెల్టు తారులా కరిగి చక్రాలకు అంటుకుంటుంది. సన్నని ఎడారి దుమ్ము వాల్యూమ్ కంట్రోల్‌లో చేరి, తిప్పినప్పుడల్లా గరగరలాడిస్తుంది. ఇవన్నీ బాగుచేయదగిన లోపాలే: కండెన్సర్ మార్చవచ్చు, ఫోము అతికించవచ్చు, క్యాసెట్ టేపును చదివే హెడ్డును స్పిరిట్‌తో తుడవవచ్చు. దీనికి మూలం ఆనాటి నిర్మాణ పద్ధతి: విడివిడి భాగాలు, కంటికి కనిపించే అతుకులు, తయారీదారు ముద్రించిన సర్క్యూట్ పటం.

1982లో కాంపాక్ట్ డిస్క్, 1991 తర్వాత భారత విపణి తెరుచుకోవడం, ఆపైన ఎం.పి.3, మొబైల్ ఫోన్లు వరుసగా రావడంతో గల్ఫ్ స్టీరియోకున్న ప్రతిష్ఠ తరిగి, ఎన్నో సెట్లు అటకలకూ హైదరాబాద్ జుమేరాత్ బజార్ వంటి పాత సామాను సంతలకూ చేరాయి. అయితే 2010లో ఉత్పత్తి ఆగిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ 2016లో తిరిగి రావడం, ప్రపంచమంతటా రికార్డుల ఆదరణ పెరగడం పాత పరికరాలకు కొత్త విలువను తెచ్చాయి. ఆ విలువ వెంటే, పేరు మాత్రం అసలు కంపెనీదై లోపల నాసిరకపు చిప్పు ఉన్న నకిలీ ట్రాన్సిస్టర్లు కూడా వచ్చాయి.

భారత ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పేరిట ఒక వేదికను ప్రారంభించడం, పాడైనదాన్ని పారవేయకుండా బాగుచేసుకోవడం వినియోగదారుడి హక్కుగా గుర్తింపు పొందుతోందనడానికి సూచన. గల్ఫ్ స్టీరియో తరానికి ఆ హక్కు చట్టం వల్ల రాలేదు. దాన్ని యంత్రం నిర్మాణం, మెకానిక్ చేతి నేర్పు కలిసి ఇచ్చాయి. ఈ రెండింటిలో యంత్రాలు ఇంకా దొరుకుతున్నాయి గాని, నేర్పు మాత్రం వయసు మళ్ళినవారితో తరిగిపోతోంది. కనుక పాత స్టీరియోను దాచుకునేవారు, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్నా జగిత్యాలలో ఉన్నా, పెట్టెతో పాటు దాని సర్క్యూట్ పటాన్నీ, మార్చిన భాగాల పట్టికనూ, అమర్చిన వోల్టేజినీ భద్రపరచాలి, ఐ.టి.ఐ.లూ గ్రంథాలయాలూ పాత మెకానిక్‌ల పద్ధతులను తెలుగులో నమోదు చేయాలి. అలా రాసిపెట్టుకున్నప్పుడే, గల్ఫ్ చెమటతో కొన్న ఆ పెట్టెలు తర్వాతి తరానికి కూడా పాట వినిపించగలవు.