బడిలో సోలార్ పాఠం: ప్యానెల్‌కు, కిట్‌కు, రిపేరుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సౌరశక్తి గురించి బడిలో ప్రతి పిల్లాడూ చదువుతాడు, పరీక్షలో రాస్తాడు. ప్యానెల్‌కు మీటర్ పెట్టి ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూసే అవకాశం మాత్రం కొద్దిమందికే దొరుకుతుంది. ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని జంగారెడ్డిగూడెంలో ఎండకు కొదవ లేదు. చుట్టుపక్కల బోర్ల మీద సేద్యం, ఆ పక్కనే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాలు. సోలార్ పంపు, సోలార్ దీపం బాగు చేయగల చేతులు ఇక్కడ అవసరం. ఆ పాఠానికి బడికి డబ్బు ఎలా వస్తుంది? ఎవరిని అడగాలి?

పైకప్పు ప్యానెల్‌తో పాఠం నేర్పలేమా?

కొంతవరకే. ఒక కిలోవాట్ ప్లాంటుకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. బడి బిల్లు తగ్గుతుంది. కానీ ప్యానెళ్లను వరుసగా కలిపినచోట వందల వోల్టులు ఉండొచ్చు కాబట్టి పిల్లలను అక్కడ చెయ్యి పెట్టనివ్వకూడదు. మీటర్‌లో యూనిట్లు రాసుకోవడం, లెక్క కట్టడం వరకే వాళ్ల పని.

చేతితో నేర్చుకోవడానికి చిన్న కిట్ చాలు: 10 వాట్ల ప్యానెల్, మల్టీమీటర్, ఎల్‌ఈడీ బల్బు, చిన్న మోటారు, బ్యాటరీ, వైర్లు. ప్యానెల్ మీద ఒక ఆకు నీడ పడితే కరెంటు ఎంత పడిపోతుంది? దుమ్ము తుడిస్తే ఎంత పెరుగుతుంది? ప్యానెల్ బాగా వేడెక్కితే వోల్టేజి ఎందుకు తగ్గుతుంది? జంగారెడ్డిగూడెం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెల్‌ను దక్షిణానికి దాదాపు అంతే వాలుగా పెట్టడం మామూలు పద్ధతి. ఆ వాలు మార్చి ఏం జరుగుతుందో పిల్లలే చూడొచ్చు. పదో తరగతి విద్యుత్ పాఠం చాలా వరకు ఇందులోనే వచ్చేస్తుంది.

ఏ పద్దు కింద ఎంత వస్తుంది?

కాంపోజిట్ స్కూల్ గ్రాంట్: సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడులకు ఏటా ఇచ్చే నిధి. నిబంధనల ప్రకారం 30 మంది లోపు విద్యార్థులుంటే రూ.10 వేలు, 31 నుంచి 100 మందికి రూ.25 వేలు, 250 దాకా రూ.50 వేలు, వెయ్యి దాకా రూ.75 వేలు, ఆపైన రూ.లక్ష. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. పాడైన పరికరాలు మార్చడం, ప్రయోగ సామగ్రి కొనడం ఈ గ్రాంటులోకి వస్తాయి. కరెంటు బిల్లూ ఇందులోంచే పోవాలి కాబట్టి కిట్ వంతు ముందే పక్కన పెట్టుకోవాలి.

ఇన్‌స్పైర్ మానక్: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పథకం. ఒక్కో బడి 5 ఆలోచనలు ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి రూ.10 వేలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. పంపాల్సింది హెడ్‌మాస్టరే.

అటల్ టింకరింగ్ ల్యాబ్: నీతి ఆయోగ్ ఇచ్చే గ్రాంటు రూ.20 లక్షల దాకా ఉంటుంది. ల్యాబ్ ఏర్పాటుకు రూ.10 లక్షలు, గరిష్ఠంగా అయిదేళ్ల నిర్వహణకు మరో రూ.10 లక్షలు. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇప్పటికే ల్యాబ్ ఉన్న బడిలో సోలార్ ప్రయోగాలకు కొత్త గ్రాంటు కోసం ఆగక్కర్లేదు.

పీఎం శ్రీ: 2022లో మొదలైన ఈ పథకం కింద దేశంలో 14,500 బడులను తీర్చిదిద్దాలన్నది లక్ష్యం. వాటిని 'గ్రీన్ స్కూల్స్'గా మార్చే పనుల్లో సోలార్ ప్యానెళ్లు, ఎల్‌ఈడీ లైట్లు ఉన్నాయి. మీ బడి ఆ జాబితాలో ఉందేమో హెడ్‌మాస్టర్‌ను అడగండి.

ఎంపీ నిధులు: ఒక్కో ఎంపీకి ఏటా రూ.5 కోట్లు. జంగారెడ్డిగూడెం ఏలూరు లోక్‌సభ స్థానం కిందకు వస్తుంది. పదికాలాలు నిలిచే ఆస్తులకే ఈ డబ్బు. రోజువారీ ఖర్చులకు ఇవ్వరు.

సీఎస్‌ఆర్, విద్యాంజలి: కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. విద్య, పర్యావరణం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బడికి ఏం కావాలో కేంద్ర ప్రభుత్వ విద్యాంజలి పోర్టల్‌లో పెడితే పూర్వ విద్యార్థులు, సంస్థలు చూసి ముందుకు రావొచ్చు.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ బడికి వస్తుందా?

రాదు. రూ.78 వేల దాకా ఇచ్చే ఆ సబ్సిడీ ఇళ్లకు మాత్రమే.

డబ్బు వచ్చాక ఎక్కడ ఆగిపోతుంది?

రిపేరు దగ్గర. బ్యాటరీ కొన్నేళ్లకు దిగిపోతుంది, వైరు తెగుతుంది, నేర్పిన టీచర్ బదిలీ అవుతారు. కిట్ బీరువాలోకి చేరుతుంది.

దీనికి దారి చూపిన ప్రయత్నం ఒకటుంది. ఐఐటీ బొంబాయి రూపొందించిన సోలార్ స్టడీ ల్యాంప్ పథకాన్ని కేంద్రం 2016 చివర్లో 70 లక్షల దీపాల లక్ష్యంతో చేపట్టింది. ఉత్తరప్రదేశ్, బిహార్, జార్ఖండ్, ఒడిశా, అస్సాం రాష్ట్రాలను ఎంచుకున్నారు. విద్యార్థి రూ.100 కడితే మిగతాది గ్రాంటు. దీపాలు బిగించడం, బాగు చేయడం స్థానికులకే నేర్పారు. దీపం పాడైతే ఊరు దాటి వెళ్లక్కర్లేకుండా చూడటమే దాని ఉద్దేశం.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడికొచ్చిన గ్రాంట్ల వాడకాన్ని చూడటం ఆ కమిటీ బాధ్యత. తర్వాతి సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. ఈ ఏడాది గ్రాంటులో ప్రయోగ సామగ్రికి ఎంత పెట్టారు?
2. సోలార్ కిట్ వస్తే నేర్పే బాధ్యత ఎవరిది? ఆ టీచర్ బదిలీ అయితే తర్వాత ఎవరు?
3. బ్యాటరీ, బల్బు మార్చడానికి ఏటా ఎంత పక్కన పెడతారు? ఊళ్లో బాగు చేసేవారు ఎవరు?

జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఎంపీకైనా, కంపెనీకైనా అర్జీ పెట్టేటప్పుడు ఆ తీర్మానం నకలు జత చేస్తే, కిట్ వచ్చాక దాన్ని చూసుకునేవారు ఉన్నారని ఇచ్చేవారికి తెలుస్తుంది.