మహిళల ఫుట్‌బాల్: ఇంగ్లండ్, తెలుగు నేల

ఇంగ్లండ్‌లో మహిళల ఫుట్‌బాల్‌కు నూట ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో యాభై ఏళ్లు నిషేధం కిందే గడిచాయి. ఆడవాళ్ల ఆటను జనం పట్టించుకోలేదు కాబట్టే అది ఎదగలేదని చాలామంది అనుకుంటారు. లెక్కలు చూస్తే ఆ మాట నిలవదు. జనం వచ్చారు, టిక్కెట్లు కొన్నారు; గ్రౌండ్లు చేతిలో ఉన్నవాళ్లే తలుపులు వేశారు. మన దగ్గర, ముఖ్యంగా రాయలసీమలో, ఈ ఆట ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలన్నా ముందుగా అడగవలసింది మైదానం గురించే.

తొలి రోజులు

1881 మే 9న ఎడిన్‌బరోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ పేర్లతో రెండు మహిళా జట్లు తలపడ్డాయి. ఇంగ్లండ్ గడ్డ మీద బాగా పేరుపడిన తొలి మ్యాచ్ మాత్రం 1895 మార్చి 23న ఉత్తర లండన్‌లోని క్రౌచ్ ఎండ్‌లో జరిగింది. ఆడింది బ్రిటిష్ లేడీస్ ఫుట్‌బాల్ క్లబ్. దాన్ని నడిపిన యువతి నెటీ హనీబాల్ అని చెప్పుకుంది. అది మారుపేరేనని చరిత్రకారులు భావిస్తారు. క్లబ్ అధ్యక్షురాలు లేడీ ఫ్లోరెన్స్ డిక్సీ స్కాట్లండ్ ప్రభువంశానికి చెందిన రచయిత్రి. చూడడానికి దాదాపు పదివేల మంది వచ్చారు. మర్నాటి పత్రికలు గోల్స్ కన్నా ఆ అమ్మాయిలు వేసుకున్న నిక్కర్ల గురించే ఎక్కువ రాశాయి. ఈ జబ్బు ఏ ఒక్క దేశానిదీ కాదు.

ఫ్యాక్టరీ జట్లు

మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు యుద్ధరంగానికి వెళ్లగా మందుగుండు ఫ్యాక్టరీల పని ఆడవాళ్ల మీద పడింది. భోజన విరామంలో బంతి తన్నడంతో మొదలైన ఆట జట్లుగా మారింది. వాటిలో అన్నిటికన్నా గొప్పది లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణంలో పుట్టిన డిక్, కెర్ లేడీస్. డిక్, కెర్ అన్నది కంపెనీ పేరు. 1917 క్రిస్మస్ రోజున డీప్‌డేల్ మైదానంలో ఆడిన మ్యాచ్‌కి పదివేల మంది వచ్చారు, వసూలైన సొమ్ము గాయపడిన సైనికుల ఆసుపత్రికి వెళ్లింది.

మూడేళ్లు తిరిగేసరికి, 1920 డిసెంబర్ ఆఖర్లో, లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో ఇదే జట్టు సెయింట్ హెలెన్స్ లేడీస్‌తో ఆడింది. లోపల 53,000 మంది. చోటు దొరక్క గేటు బయటి నుంచే వేలమంది వెనుదిరిగారు. ఒక్క మ్యాచ్‌కి మూడువేల పౌండ్లకు పైగా వచ్చింది. 1921లో ఈ జట్టు అరవైకి పైగా మ్యాచ్‌లు ఆడింది. పగలు ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు అన్ని మ్యాచ్‌లు ఎలా ఆడారో ఊహించడమే కష్టం.

ఆ జట్టు తార లిలీ పార్. 1905లో సెయింట్ హెలెన్స్‌లో పుట్టింది, పద్నాలుగో ఏటే జట్టులోకి వచ్చింది, దాదాపు ఆరడుగుల మనిషి. ఎడమకాలి షాట్‌కి మగ గోల్‌కీపర్లు కూడా జంకేవారని ప్రతీతి. తర్వాత మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేస్తూనే 1951 దాకా ఆడింది. ఆమె విగ్రహం 2019లో మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో వెలిసింది.

1921 నిషేధం

1921 డిసెంబర్ 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్ఏ, ఒక తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదని, విరాళాల సొమ్ములో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందని అందులో పేర్కొంది. ఒంటికి మంచిది కాదని చెప్పడానికి డాక్టర్లు కూడా ముందుకొచ్చారు. చెప్పని కారణాలు వేరే ఉన్నాయని పలువురు చరిత్రకారుల వాదన. యుద్ధం ముగిశాక మగవాళ్ల లీగ్‌కి పోటీ ఉండకూడదన్నది ఒకటి. 1921లో బొగ్గు గనుల లాకౌట్ సమయంలో కార్మికుల కుటుంబాల కోసం ఆడవాళ్లు మ్యాచ్‌లాడి డబ్బు పోగుచేయడం పెద్దలకు నచ్చకపోవడం ఇంకొకటి.

ఈ నిషేధం పనిచేసిన తీరు గమనించదగ్గది. ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడకూడదని ఎఫ్ఏ అనలేదు, అనే అధికారమూ దానికి లేదు. తన సభ్య క్లబ్బులు ఆడవాళ్లకు గ్రౌండు ఇవ్వకూడదంది, అంతే. గ్యాలరీలున్న ఫుట్‌బాల్ మైదానాలు దాదాపు అన్నీ ఆ క్లబ్బులవే. దాంతో జట్లు పార్కుల్లోకి, రగ్బీ గ్రౌండ్లలోకి వెళ్లిపోయాయి. టిక్కెట్టు లేదు, ఆదాయం లేదు, పత్రికల్లో వార్త లేదు. డిక్, కెర్ జట్టు 1922లో అమెరికా వెళ్లి మగ జట్లతో ఆడింది. పేరు మార్చుకుని 1965 వరకు నిలిచింది. అప్పటికి చూసేవాళ్లు వందల్లోకి దిగిపోయారు. కొత్త తరానికి ఇది ఎన్నడూ ఆడవాళ్ల ఆటే కాదనిపించింది. చేతులతో చేసిన కరువును ప్రకృతి కరువుగా నమ్మించారన్నమాట.

ఇదొక్క ఇంగ్లండ్ కథే కాదు. బ్రెజిల్ 1941 నుంచి 1979 వరకు, పశ్చిమ జర్మనీ సమాఖ్య 1955 నుంచి 1970 వరకు ఇలాంటి నిషేధాలే పెట్టాయి.

తిరిగి లేవడం

1966లో ఇంగ్లండ్ పురుషులు ప్రపంచ కప్ గెలిచిన ఊపులో ఆడపిల్లలూ మళ్లీ బూట్లు కట్టారు. 1969లో ఉమెన్స్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. 1971 నాటికి నిషేధం పోయింది. 1972 నవంబర్‌లో గ్రీనాక్‌లో స్కాట్లండ్‌పై 3–2తో గెలిచి ఇంగ్లండ్ మహిళలు తమ తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ నమోదు చేసుకున్నారు. చట్టం మాత్రం వెంటనే దారికి రాలేదు. 1978లో థెరెసా బెనెట్ అనే బాలిక మగపిల్లల జట్టులో ఆడతానని కోర్టుకెక్కింది. అప్పీలు కోర్టు ఎఫ్ఏ పక్షానే తీర్పు చెప్పింది.

ఎఫ్ఏ 1993లో మహిళల ఆట బాధ్యత నేరుగా తీసుకుంది. 2008లో పాత నిషేధానికి క్షమాపణ చెప్పింది. 2011లో ఎనిమిది జట్లతో మొదలైన ఉమెన్స్ సూపర్ లీగ్ 2018 నుంచి పూర్తిగా ప్రొఫెషనల్ అయింది. 2022 జూలై 31న వెంబ్లీలో జర్మనీని ఓడించి ఇంగ్లండ్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్, అంటే యూరో, గెలిచినప్పుడు ప్రేక్షకులు 87,192 మంది. కోచ్ సరీనా వీగ్‌మన్ నెదర్లాండ్స్ మనిషి. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో 0–1తో స్పెయిన్ చేతిలో ఓడినా, 2025 యూరో ఫైనల్లో అదే స్పెయిన్‌ను పెనాల్టీల్లో గెలిచి కప్పు నిలబెట్టుకున్నారు.

హోదా పెరిగింది కదా అని అంతా సర్దుకోలేదు. 2025 యూరో జరుగుతుండగానే డిఫెండర్ జెస్ కార్టర్ సోషల్ మీడియాలో జాతి దూషణలు ఎదుర్కొంది. అయితే అన్నిటికన్నా చెప్పుకోదగ్గ పని 2022 విజయం తర్వాత క్రీడాకారిణులు చేశారు. ప్రధాని పదవికి పోటీపడుతున్న నాయకులకు బహిరంగ లేఖ రాసి, ప్రతి బడిలో ఆటల పీరియడ్లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఉండాలని కోరారు. మరుసటి ఏడాది మార్చిలో ప్రభుత్వం ఆ మేరకు హామీ ఇచ్చింది. కప్పు గెలిచినవాళ్లు తమకోసం ఏమీ అడగకుండా బడి గ్రౌండు అడిగారు. వందేళ్ల కిందటి తాళం ఎక్కడ వేశారో వాళ్లకు తెలుసు.

భారతదేశంలో

మన దేశంలో నిషేధం ఏనాడూ లేదు, శ్రద్ధా లేదు. 1975లో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడి జాతీయ పోటీలు మొదలయ్యాయి. ఆ తరం చిన్నదేమీ కాదు: 1980లో కాలికట్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ ఆసియా పోటీల ఫైనల్ దాకా వెళ్లింది. బెంగాల్‌కు చెందిన శాంతి మల్లిక్ 1983కి అర్జున అవార్డు అందుకుంది. తర్వాత మ్యాచ్‌లే లేక ఒక దశలో ఫిఫా ర్యాంకుల పట్టికలోంచి దేశం పేరే పోయింది. 2010 నుంచి దక్షిణాసియా పోటీలు, 2016–17 నుంచి ఇండియన్ ఉమెన్స్ లీగ్ వచ్చి ఆటకు మళ్లీ ఊపిరి పోశాయి. గోల్‌కీపర్ అదితి చౌహాన్ 2015లో వెస్ట్‌హామ్ మహిళల జట్టులో చేరి ఇంగ్లండ్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలైంది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే.

తెలుగు ప్రాంతాల్లో

ఫుట్‌బాల్‌లో తెలుగు నేల పేరు ఒకప్పుడు హైదరాబాద్‌తోనే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు దేశమంతా మోగింది. పోలీసు ఉద్యోగాల మీద నిలిచిన ఆ వైభవంలో ఆడపిల్లలకు దారి ఎక్కడిది?

దారి వేసుకున్న అమ్మాయి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లాలోని లంబాడా తండా నుంచి వచ్చి, గోకులం కేరళ జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతూ 2024–25 ఇండియన్ ఉమెన్స్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టులో నిలిచింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంచింది. క్రికెటర్‌కు ఇందులో సగం గౌరవం దక్కినా చౌరస్తాలో ఫ్లెక్సీలు లేచేవి.

రాయలసీమలో ఈ ఆటకు ఇల్లు అనంతపురం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్‌డీటీ, అక్కడ క్రీడాగ్రామం కట్టి ఆడపిల్లలకూ మగపిల్లలకూ హాస్టల్‌తో పాటు ఫుట్‌బాల్ శిక్షణ ఇచ్చింది. ఫెర్రర్ పుట్టింది స్పెయిన్‌లో. ఆ బంధంతోనే స్పెయిన్ లీగ్ లా లిగా కూడా ఇక్కడి శిక్షణలో చేయి కలిపింది. ఇంగ్లిషు వాళ్లు పాలించిన సీమకు ఆడపిల్లల ఫుట్‌బాల్ స్పెయిన్ నుంచి రావడం ఒక చిత్రం.

నంద్యాల, ఆళ్లగడ్డ

నంద్యాలకు ఇంగ్లండ్‌తో పాత సంబంధమే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన, ఎస్‌పీజీ అనే ఇంగ్లండ్ క్రైస్తవ సంస్థ మిషనరీలు ఇక్కడ బడులు పెట్టారు. ఆ అక్షరాలు ఊళ్లో హైస్కూలు పేరులో ఇంకా వినిపిస్తాయి. అయినా ఇక్కడి బడుల్లో ఆడపిల్లల ఆటలంటే ముందు గుర్తొచ్చేవి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. దీనికి అభిరుచి ఒక్కటే కారణం కాదు, కొలతలు చూడండి. మహిళల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. వాలీబాల్‌కు 18, 9 సరిపోతాయి. అంతర్జాతీయ స్థాయి ఫుట్‌బాల్ మైదానానికి కనీసం 100, 64 మీటర్లు కావాలి, అంటే ఎకరన్నరకు పైనే. ఆ ఒక్క మైదానంలో అరవై కబడ్డీ కోర్టులు పడతాయి. అంత నేల ఉన్న బడిలో సాయంత్రమైతే మగపిల్లల క్రికెట్ వికెట్లు పాతేసి ఉంటాయి.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి జిల్లా అయింది. స్కూల్ గేమ్స్ ఎంపికలు మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లుగా సాగుతాయి. ఈ జిల్లాలోని ఆళ్లగడ్డ బడిలో చదివే అమ్మాయి ఈ మెట్లెక్కాలంటే మొదట తన బడిలోనో, పక్క బడులతో కలిపో పదకొండు మంది దొరకాలి, వాళ్లను పోగుచేసే వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పీఈటీ, ఉండాలి. బడుల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్‌లో అండర్-17 బాలికల విభాగం ఉంది గాని, బడి జట్టంటూ ఉంటేనే ఆ పోటీ. అహోబిలం యాత్రకూ రాతి శిల్పాలకూ పేరుపడిన ఆళ్లగడ్డలో ప్రతిభ తక్కువని ఎవరూ అనలేరు. జిల్లా అంచున ఉన్న కొలిమిగుండ్ల దాటితే వచ్చే తాడిపత్రి అనంతపురం జిల్లాదే. శిక్షణ అంత దగ్గరి జిల్లాలో ఉన్నా, దాన్ని అందుకోవాలంటే అమ్మాయి హాస్టల్లో చేరాలి, ఆ మాటకు ఇంట్లో ఒప్పుకోవాలి. ఫుట్‌బాల్ నేర్చుకునే వయసు పదేళ్లకే మొదలవుతుంది; ఇంటివాళ్లు ఆడపిల్లను దూరం పంపే ఆలోచన చేసేది ఎక్కువగా పదో తరగతి పాసయ్యాకే, అదీ కాలేజీకి.