ఎలుక, చలిపెట్టె, పెన్నేరు గడ్డ

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో అలసట అన్న మాట ముందు లోహాలది. ఇక్కడి రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలలో కడ్డీని లాగి వదిలి, లాగి వదిలి, ఎన్నోసారికి పగులుతుందో లెక్క కడతారు. అది ఫెటీగ్. ఇంజను వేడికి లోహం పైపొర ఆక్సిజన్ పాలై చెడిపోతే అది ఆక్సిడేషన్. మనిషికీ ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. కాకపోతే "ఒంట్లో సత్తువ లేదు డాక్టరుగారూ" అన్నవాడిని ఏ యంత్రానికి బిగించి కొలుస్తారు?

మూలికల కథ మలుపు తిరిగింది ఈ చిక్కు దగ్గరే. అశ్వగంధ బలమిస్తుందని ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. మనకది పెన్నేరు గడ్డ, చార్మినార్ వైపు హకీములకు అస్గంద్. సోవియట్ దేశంలో లజారెవ్ అనే శాస్త్రవేత్త 1947లో, ఒత్తిడిని తట్టుకునే సత్తువనిచ్చే ఇలాంటి మందులకు అడాప్టోజెన్ అని పేరుపెట్టాడు. ఆయన శిష్యుడు బ్రెఖ్‌మన్ చిట్టెలుకలను ఆగని తాడు మీద ఎక్కిస్తూ, ఎప్పుడు చేతులెత్తేస్తాయో చూశాడు.

మన దగ్గర ఆ పని కంచన్‌బాగ్ ప్రయోగశాలలకు అక్కలాంటి ఢిల్లీ రక్షణ శరీరధర్మ పరిశోధన సంస్థ, డిపాస్ చేసింది. మంచుకొండల్లో సైనికుడికి చలి, గాలి పలచన, ఇరుకు మూడూ ఒకేసారి మీద పడతాయి. 1990లో అక్కడివాళ్లు ప్రచురించిన పద్ధతిలో ఎలుకను కదలనివ్వకుండా బిగించి, 5 డిగ్రీల చలిలో, గాలి ఒత్తిడిని 428 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గించిన పెట్టెలో ఉంచుతారు. దాని ఒంటి వేడి 37 నుంచి 23 డిగ్రీలకు పడిపోవడానికి ఎంతసేపు పట్టింది? బయటికి తీశాక మళ్లీ 37కు రావడానికి ఎంతసేపు? మూలిక పనిచేస్తే మొదటిది సాగాలి, రెండోది కుదించుకుపోవాలి. పాపం ఎలుక. కానీ సత్తువకు గడియారం దొరికింది.

ఆక్సిడేషన్ సంగతి రక్తంలో తేలింది. 1985లో జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న భావనకు రూపమిచ్చాడు. కొవ్వులు చెడితే మలోండయాల్డిహైడ్ పెరుగుతుంది, కాపుకాసే గ్లూటాథయోన్ తరుగుతుంది. మన నిమ్స్ ఆసుపత్రిలో 12 వారాలు ఉసిరి సారం ఇచ్చిన మధుమేహ రోగుల్లో మొదటిది తగ్గి రెండోది పెరిగిందని 2013లో రాశారు. అంతకు ఏడాది ముందు బంజారాహిల్స్‌లోని ఆశా ఆసుపత్రిలో 64 మందికి, కొందరికి అశ్వగంధ వేరు సారం, కొందరికి ఉత్తుత్తి మాత్ర, 60 రోజులు ఇచ్చారు. సారం తిన్నవాళ్లలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. వాళ్లు చూసింది ఒత్తిడిని; దాన్నే డబ్బా మీద "సింహబలం" చేసేవాళ్ల మీద నాకు గురి లేదు. కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను ఆహారంలో వాడకుండా నిషేధించింది కూడా.

ఆకులు వాడొద్దని మన ఆయుష్ శాఖ 2021లో హెచ్చరించిన దగ్గర్నుంచి మూలికల కొట్లో ఒకే మాట అడుగుతున్నాను: "వేరే కదా భాయ్, ఆకు కలపలేదు కదా?" మొన్న కొట్టాయన పొడి డబ్బా పక్కన పెట్టి, ఎండు వేరొకటి తీసి పుటుక్కున విరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. "సూంఘో సాబ్."

గుర్రపుసాల కంపు.