గుండ్లకమ్మ దారిని చీనా యాత్రికుఁడు

యాత్ర యను మాట వినఁగానే మన యిండ్లలోని పెద్దలకు మూటలు, బండ్లు, బంధుసమూహము, ముడుపులు, తీర్థశ్రాద్ధములు జ్ఞప్తికి వచ్చును. ఒంటరిగాఁ బోవువానిని మనవారు యాత్రికుఁ డనరు. ఇల్లు విడిచినవాఁ డందురు. నేఁడు చదువుకొన్న యువకులును, యువతులును పది దినముల సెలవు దొరకినంతనే తోడు లేకుండ బ్యాంకాకునకో, కంబోడియాలోని ఆంగ్‌కోరునకో, జపానులోని క్యోటోనగరమునకో పోయి, అచ్చటి దేవాలయములను పట్టణములను చూచి వచ్చుచున్నారు. ఒంటిగా నెట్లు పోవుదురు, పోయి చేయు పని యేమి యని యింటివారు సణుగుకొనుటయుఁ గలదు. ఈ సణుగుడు క్రొత్తది కాదు. పదునాలుగు శతాబ్దములకు ముందు చీనాదేశమున నొక యువభిక్షువునకు నింటివారే కాదు, రాజాజ్ఞయే యడ్డు వచ్చెను. ఆ భిక్షువు హుయాన్‌త్సాంగు.

ఆతఁడు పదియాఱు సంవత్సరములు ఆసియాఖండములోని మహానగరములను, విహారములను చూచుచు, మన కృష్ణాతీరమునకు వచ్చి, అక్కడనుండి నైరృతిదిక్కుగా నడచి పోయెను. ఆ నైరృతిదారి మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల నడుమనే పోయినదని నా యభిప్రాయము. అట్లనుకొనుటకుఁ గల కారణములను, ఆ దారి చివరనున్న సీమనుగూర్చి యాతఁడు వ్రాసిన మాటలలో నెంత నమ్మఁదగునో దానిని ఇచ్చట విచారింపఁ బూనితిని.

హుయాన్‌త్సాంగు తాంగువంశపు రాజధానియగు చాంగానును విడిచిన సంవత్సరము 629. కొందఱు చరిత్రకారులు 627 అందురు. ప్రజలు పొలిమేర దాఁటఁగూడదని చక్రవర్తి శాసించియుండెను. అనుమతికై చేసికొన్న విన్నపము సాగలేదు. అయినను రహస్యముగా వెడలెను. ఆతనిని కదల్చినది పుణ్యాపేక్ష మాత్రము కాదు. చీనాభాషలోనికి వచ్చియున్న బౌద్ధగ్రంథములు ఒకదానితో నొకటి పొసఁగకుండెను. ఒక గురువు చెప్పినది మఱియొక గురువు కాదనుచుండెను. మూలగ్రంథములు పుట్టిన దేశమునకే పోయి సరిచూచుకొనవలెనని యాతని పట్టుదల. గురువుమాటయే ప్రమాణమని తల యూఁచి కూర్చుండుట సులువు. పాఠభేదము తీర్చుకొనుటకై వేలకొలఁది మైళ్లు నడచుట యెందఱికి సాధ్యము?

పొలిమేర దాఁటిన పిమ్మట నెడారిలో నాతఁడు నిజముగా నొంటరివాఁ డయ్యెను. దారి చూపుటకు వచ్చినవాఁడు భయపడి వెనుకకు మరలెను. మిగిలినది యొక యెఱ్ఱని ముసలి గుఱ్ఱము. త్రాగఁబోవు నీటితిత్తి చేతినుండి జాఱి యిసుకలోఁ బడి, నీరంతయు నింకిపోయెను. కొంతదూరము వెనుకకుఁ దిరిగి, భారతదేశము చేరక తూర్పున కొక్క యడుగైనను వేయనని తాను చేసికొన్న ప్రతిజ్ఞ తలఁపునకు రాఁగా మరల పడమటికిఁ దిరిగెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు నీటిచుక్క లేదు. తుదకు గుఱ్ఱమే వాసన పట్టి నీరున్నచోటికిఁ దీసికొనిపోయినదని యాతని శిష్యులు వ్రాసిన జీవితచరిత్రమునఁ గలదు.

ఆ మీఁది ప్రయాణమంతయు నొంటరితనము కాదు. తుర్ఫానులోని రాజు ఆతనిని తన యొద్దనే యుంచుకొనఁగోరి నిర్బంధింపఁగా, మూఁడు దినము లుపవాసముండి విడుదల పొందెను. ఆ రాజే పిదప గుఱ్ఱములను, పరిచారకులను, ఇరువదినాలుగు రాజ్యములకు జాబులను ఇచ్చి పంపెను. సమర్కందును చూచెను. బామియానులో కొండను తొలిచి నిలిపిన మహాబుద్ధవిగ్రహములను చూచి వర్ణించెను. ఆ విగ్రహములు 2001లో ధ్వంసము చేయఁబడుటచే నేఁడు వానిని గూర్చి మనకుఁ గల ప్రాచీనసాక్ష్యములలో నాతని మాట ముఖ్యమైనది. గంగానదిలోఁ బోవుచుండఁగా దొంగలు పడవను పట్టుకొని, చక్కని రూపముగలవాఁడని యాతనినే దుర్గకు బలి యీయఁబూనిరి. అంతలో పెనుగాలి వీచుటయు, దొంగలు భయపడి కాళ్లమీఁదఁ బడుటయు సంభవించెనఁట. గాలి కథను శిష్యుల భక్తికి విడిచినను, నరబలి మాట కల్పితమని త్రోసివేయుటకు మన దేశచరిత్రము మనకు ధైర్య మీయదు. నాలందలో వృద్ధుఁడగు శీలభద్రునియొద్ద యోగాచారశాస్త్రము చదివి, దక్షిణమునకు వెడలి, సుమారు 639లో ఆంధ్రదేశమున నడుగు పెట్టెను.

వేంగి యని పండితులు గుర్తించిన రాజధానిని జెప్పుచు నాతఁ డొక్క చక్కని సంగతి వ్రాసెను: ఇచ్చటివారి భాష మధ్యదేశపు భాషకు భిన్నము, కాని యక్షరముల రూపము మాత్రము చాలవఱకు నదియే. తెలుఁగుభాషయు లిపియు నొకటి కావని, రెంటి చరిత్రములు వేఱని, ఏడవశతాబ్దమున నొక పరదేశి పసికట్టెను. ఆ కాలమున వేంగిని పాలించుచుండినవాఁడు తూర్పుచాళుక్యరాజ్యమును స్థాపించిన కుబ్జవిష్ణువర్ధనుఁడు.

తరువాత ధాన్యకటకము. అచ్చట విహారములు దట్టముగా నున్నను, చాలవఱకు పాడుపడినవనియు, ఇరువది మాత్రము నిలిచి వేయిమంది భిక్షువు లున్నారనియు, దేవాలయములు నూఱనియు లెక్క వేసెను. పూర్వశైల, అపరశైల విహారములు నిర్జనములై యుండెను. అయినను విద్య పోలేదు. సుభూతి, సూర్యుఁడు అను నిద్దఱు భిక్షువులు మహాసాంఘికుల యభిధర్మమునఁ బ్రవీణులని విని, యాతఁడు కొన్నినెలలు నిలిచి వారియొద్దఁ జదివెను. వారును ఆతనియొద్ద మహాయానశాస్త్రములను జదివిరి. ఎవరు గురువు, ఎవరు శిష్యుఁడు? ఈ ప్రశ్న వారికిఁ దోఁచినట్లు లేదు. పిదప ముగ్గురును గలసి పుణ్యస్థలములను చూడ వెడలిరి. ఎడారిలో నొంటరిగా నడచినవానికి మన గడ్డమీఁద సహాధ్యాయులే తోడు దొరకిరి.

ఇంక దారి. ధాన్యకటకమునుండి నైరృతిగా వేయి లీలు పోఁగా చుల్యదేశము చేరుదు మని గ్రంథము. నడుమ నే యూరిపేరును లేదు. చుల్య మనఁగా చోళమే, కాని కావేరీతీరపు చోళము కాదు, దూరము చాలదు. కన్నింగుహాముదొర కర్నూలుప్రాంత మనెను. తరువాతివారు పలువురు కడపసీమలోని రేనాటిచోడుల రాజ్య మనిరి. ఈ రెంటిలో నేది నిజమైనను, అమరావతినుండి నైరృతిగాఁ బోవువానికి నల్లమల యడ్డము. కోస్తావెంబడి నెల్లూరికిఁ బోయి పెన్న పట్టుకొని పడమరకుఁ దిరుగవచ్చును. అది నైరృతి కాదు, చుట్టు. సులువైన దారి వినుకొండ, త్రిపురాంతకము, మార్కాపురము, కంభము, గిద్దలూరు మీఁదుగా గుండ్లకమ్మలోయ నెక్కి, నందికనుమ దాఁటి నంద్యాల మైదానమున దిగునది. పందొమ్మిదవశతాబ్దమున రైలుదారి వేసిన యింజనీర్లును ఇంచుమించుగా నీ లోయనే పట్టుకొనిరి. మైలునకు ఆఱు లీలను కన్నింగుహాము లెక్కచొప్పున వేయి లీలు నూటయఱువదియేడు మైళ్లు. గుంటూరునుండి నంద్యాలకు రైలుదారి సుమారు నూటయఱువది మైళ్లు. దీనిని రుజు వనను, ఆనవా లందును.

దీనికంటె గట్టి యానవాలు భూమిలో దొరకినది. దోనకొండ స్టేషనునకు వాయవ్యముగా సుమారు పది కిలోమీటర్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున, చందవరముకడ 1964లో బౌద్ధస్తూపము బయల్పడెను. 1972 మొదలు 1977 వఱకు త్రవ్వకములు జరిగెను. శాతవాహనకాలపు మహాస్తూపమును, చెక్కడపుఫలకములును వెలువడినవి. ఎవరును నడువని చోట స్తూపము పుట్టదు. స్తూపములను గట్టినది రాజులు మాత్రమే కాదు. అమరావతి శాసనములలో దానము చేసినవారు వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, విధికుఁడను చర్మకారుఁడు. ఆ చర్మకారుని పూర్ణకుంభఫలకము స్తూపమునఁ జేరుటకు కులము అడ్డము రాలేదు. అట్టి స్తూప మొకటి యీ లోయలో వెలసిన దనఁగా, ఈ లోయలో బండ్లు నడచినవనియు, మూటలు దిగినవనియు, దాతలు నివసించిరనియు నర్థము. హుయాన్‌త్సాంగు వచ్చునాఁటికి అది యప్పటికే యేండ్లకొలఁదిగా పాతది. వేయి లీల నడుమ నొక్క విహారమునైనను పేర్కొనకపోవుటచే, అచ్చట పూజలు సన్నగిల్లెనేమో యని తోఁచును. నేఁడు మనము చూచు కంభముచెఱువును ఆతఁడు చూడలేదు. ఆ కట్ట విజయనగరకాలపుది.

చందవరపు శిలలును నేఁటికాలమున యాత్ర చేసినవి. ఇచ్చట దొరకిన బుద్ధారాధకుల ఫలక మొకటి దొంగిలింపఁబడి, సముద్రములు దాఁటి న్యూయార్కు వర్తకుల చేతఁబడి, అచ్చటినుండి ఆస్ట్రేలియా జాతీయచిత్రశాలకు విక్రయింపఁబడెను. ఫలకము చందవరమునందే యున్నప్పుడు తీసిన ఛాయాచిత్ర ముండుటచే గుట్టు బయటపడి, 2016లో ఆ చిత్రశాలవారు దానిని భారతదేశమునకు మరల నప్పగించిరి. త్రవ్వినవారు పటము తీసి దాచియుండనిచో ఆ రాతికి ఊరు లేకపోయెడిది. చీనాభిక్షువు వ్రాసినదియు నట్టి పటమే గదా.

కాని పటములోనిదంతయు నమ్మఁదగినదా? చుల్యదేశమును గూర్చి యాతఁడు వ్రాసిన మాటలు మన చెవి కింపుగా లేవు. దేశము పాడు, బురదనేలలు, అడవులు, జనము కొద్ది, దొంగలు గుంపులుగా బాహాటముగాఁ దిరుగుదురు, ప్రజలు క్రూరులు, నీతిలేనివారు, విహారములు శిథిలములు, జైనులు పెక్కురు. దొంగల మాటను నేను నమ్ముదును. ఆతనికి రెండువందల సంవత్సరములకు ముందే చీనాయాత్రికుఁడు ఫాహియాను దక్షిణాపథపు దారులు కష్టములనియు, రాజునకు సొమ్ము ముట్టఁజెప్పి కావలిమనుష్యులను వెంటఁగొని పోవలెననియు విని వ్రాసెను. విని మాత్రమే, ఇటు రాలేదు. అడవిమాటయు నిజమే, నల్లమలను దాఁటినవాఁ డెవఁడు కాదనఁగలఁడు?

నీతిమాట మాత్రము వేఱు. విహారము పాడుపడి జైనులు ప్రబలిన దేశము బౌద్ధభిక్షువునకు మంచిదిగాఁ గనఁబడదు. ఇంచుమించుగా నా కాలముననే యా రేనాటిలో నేమి జరుగుచుండెను? సుమారు 575లో ఎరికల్ ముత్తురాజు ధనంజయుఁడు కలమళ్లలో వేయించిన శాసనము తెలుఁగువాక్యములలోఁ జెక్కఁబడెను. పూర్తిగా తెలుఁగున వ్రాసిన శాసనములలో మనకు దొరకినవానిలో నదియే మొదటిదని పండితులమతము. సంస్కృతప్రాకృతములను విడిచి, ఇంటిలో మాటలాడు భాషను రాతిమీఁది కెక్కించిన మొదటి రాజు లీ క్రూరుల దేశపువారే. యాత్రికుఁడు దానిని చూడలేదు, లేక చూచియు వ్రాయలేదు. కంటితోఁ జూచి కొలిచినదానిని, లెక్కించినదానిని చెప్పునపుడు హుయాన్‌త్సాంగునకు సాటి లేఁడు. మతమునుబట్టి మనుష్యులను తూఁచునపుడు ఆతఁడును మనవంటివాఁడే. అందుచే ఆతని లెక్కలను తీసికొని తీర్పులను విడుచుట మేలని నాకుఁ దోఁచుచున్నది.

మనవా రేల వ్రాయలేదన్న ప్రశ్న దీనికంటె బాధాకరమైనది. శ్రీశైలమునకు తూర్పువాకిలి త్రిపురాంతకము. శతాబ్దములుగా లక్షలజనము మార్కాపురము, దోర్నాల దారిని మల్లికార్జునుని సేవింపఁ బోయిరి. పరదేశి యొక్కనికి గ్రంథ ముండఁగా, ఆ లక్షలమందికి యాత్రాపత్రిక లేదు. తెలుఁగున మన చేతికి వచ్చిన గొప్ప యాత్రాగ్రంథము ఏనుఁగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన యాయన 1830 మేలో వెడలి, 1831 సెప్టెంబరులో మరలివచ్చెను. గ్రంథము 1838లో అచ్చుపడెను. ఆయన నల్లమలకు పడమటివైపునుండి, అహోబిల మహానందులమీఁదుగా శ్రీశైలము చేరెను. కందనూరి నవాబు యాత్రికులయొద్ద పన్ను గైకొనుటను వ్రాసెను. కొండకుఁ దూర్పుననున్న మన లోయ ఆయన దారిలోఁ బడలేదు. వెంట నించుమించుగా నూఱుగురు, గుడారములు, పల్లకి. ఇంగ్లీషువారి పాలనలోని పెద్దయుద్యోగికే యంత పరివారము కావలసిన దారిలో స్త్రీ యొకతె యొంటిగాఁ బోవు మాట తలఁచుటకైనను వీలు లేదు. ఇప్పుడు సెలవులకు తోడు లేకుండ రైలెక్కు మన యాడుబిడ్డ గుంటూరునుండి గిద్దలూరికి పగటిపూఁటనే చేరును.

హుయాన్‌త్సాంగు చుల్యమునుండి దక్షిణముగా, మరల నడవులలో, పదునైదు పదియాఱువందల లీలు పోయి కంచి చేరెను. అచ్చటినుండి సింహళమునకు మూఁడుదినముల యోడప్రయాణ మని చెప్పిరి. ఓడ యెక్కఁదలఁచి యుండఁగా, సింహళమునుండియే భిక్షువులు కంచికి వచ్చి దిగిరి. రాజు చనిపోయెననియు, కఱవు పట్టినదనియు, తమకే నిలువనీడ లేదనియు వారు చెప్పిరి. వారిని శాస్త్రమునఁ గొన్ని ప్రశ్నలడిగి చూచెను; శీలభద్రుఁడు చెప్పినదానికంటె నెక్కువ వారి యొద్దలేదని తేలెను. సింహళప్రయాణము మానుకొని వాయవ్యమునకుఁ దిరిగెను. అప్పు డాతని వెంట సింహళపు భిక్షువులును, ఇతరులును డెబ్బదిమంది నడచుచుండిరి.