మంచుపై ఎలుగుబంటి బొమ్మలు: చిన్న లీగు హాకీలో దాతృత్వం పుట్టుపూర్వోత్తరాలు

ఉత్తర అమెరికాలో వృత్తిక్రీడగా ఎదిగిన మంచు హాకీ ప్రధానంగా మూడు అంచెలుగా నిలిచి ఉంది. పై అంచెలో 32 జట్లున్న నేషనల్ హాకీ లీగ్, దాని కింద 1936లో మొదలైన అమెరికన్ హాకీ లీగ్, ఆ కింద 1988లో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్ పేరుతో పుట్టి ఇప్పుడు ఈసీహెచ్ఎల్ అన్న పొడి అక్షరాలతోనే వ్యవహరించబడుతున్న లీగు ఉన్నాయి. కింది రెండింటినీ మైనర్ లీగులు, అంటే చిన్న లీగులు అంటారు. చిన్న లీగు జట్టు సాధారణంగా ఒక పెద్ద జట్టుకు అనుబంధంగా ఉంటుంది కనుక, బాగా ఆడుతున్న కుర్రవాణ్ణి పెద్ద జట్టు సీజన్ మధ్యలోనైనా పైకి పిలిపించుకుంటుంది. ఊరు అభిమానించిన ఆటగాడు వచ్చే నెలలో ఆ ఊళ్ళో ఉంటాడన్న భరోసా లేదు. పైగా పెద్ద లీగుకు దేశవ్యాప్త టెలివిజన్ హక్కుల వల్ల వచ్చే స్థాయి ఆదాయం చిన్న లీగులకు లేదు. టికెట్లు కొనే కుటుంబాలు, ప్రకటనలిచ్చే స్థానిక వ్యాపారులు, వీరే వాటి జీవనాధారం. ఈ స్థితిలో జట్టుకూ ఊరికీ నడుమ బంధం ఆటగాళ్ళ పేర్ల మీద కాక మరొకదాని మీద నిలవవలసి వచ్చింది. ఆసుపత్రులకు, అనాథాశ్రమాలకు, వ్యాధిగ్రస్తులకు నిధులూ వస్తువులూ సేకరించి ఇచ్చే ఆచారాలు చిన్న లీగులలో అంత బలంగా వేళ్ళూనుకోవడానికి మూలకారణం ఇదే. వాటిలో అత్యంత ప్రసిద్ధమైనది 'టెడ్డీ బేర్ టాస్', అంటే ఎలుగుబంటి బొమ్మలను మంచు మీదికి విసరడం.

ప్రేక్షకులు మైదానంలోకి వస్తువులు విసరడం సాధారణంగా ఏ ఆటలోనైనా నిషిద్ధమే అయినా, మంచు హాకీలో దానికి పాత చరిత్ర ఉంది. ఒకే ఆటగాడు ఒక ఆటలో మూడు గోల్స్ చేస్తే, దానిని హ్యాట్రిక్ అంటారు, ప్రేక్షకులు తమ టోపీలను రింక్ మీదికి, అంటే ఆడే మంచు గచ్చు మీదికి విసరడం ఆనవాయితీ. 1952లో డెట్రాయిట్ నగరంలో ఇద్దరు అన్నదమ్ములు, పెద్ద లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలవడానికి ఆ రోజులలో ఎనిమిది విజయాలు కావాలి కనుక, ఎనిమిది కాళ్ళ ఆక్టోపస్‌ను మంచు మీదికి విసిరి మరో వింత ఆచారానికి నాంది పలికారు. వీటిలో ఉన్నది ఉత్సాహమే తప్ప పరోపకారం కాదు. అయితే గోల్ పడిన క్షణాన చేతిలోనిది విసరడమనే అలవాటును అభిమానులకు నేర్పినవి ఇవే.

ఆ అలవాటును దానానికి మళ్ళించిన ఘనత కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు చిన్న పట్టణం కామ్‌లూప్స్‌కు దక్కుతుంది. అక్కడి కామ్‌లూప్స్ బ్లేజర్స్ వెస్టర్న్ హాకీ లీగ్‌లో ఆడే జూనియర్ జట్టు; జూనియర్ అంటే పదహారు నుంచి ఇరవై ఏళ్ళ వయసు కుర్రవాళ్ళు ఆడే స్థాయి కనుక అది వృత్తిపరమైన చిన్న లీగు కాదు గాని, ఊరి ఆదరణ మీదనే బతకడంలో రెండింటి పరిస్థితీ ఒక్కటే. 1992, 1994, 1995 సంవత్సరాలలో కెనడా జూనియర్ హాకీలో అత్యున్నతమైన మెమోరియల్ కప్పును గెలిచిన ఆ జట్టులో ప్రచార వ్యవహారాలు చూస్తున్న డాన్ లార్సన్ క్రిస్మస్ ముందు బొమ్మల సేకరణకు ఈ పద్ధతిని రూపొందించగా, 1993 డిసెంబర్ 5న బ్రాడ్ లుకోవిచ్ చేసిన గోల్‌తో 2,400కు పైగా బొమ్మలు మంచు మీద పడ్డాయి. లుకోవిచ్ తరువాత పెద్ద లీగుకు ఎదిగి డాలస్, టాంపా బే జట్లతో స్టాన్లీ కప్పు గెలిచినవారిలో ఒకడయ్యాడు.

దీని విధానం సరళమైనది, ఆ సరళతే దాని వ్యాప్తికి కారణం. ఫలానా రోజు ఆటకు మెత్తని బొమ్మలు తెమ్మని జట్టు ముందుగానే ప్రకటిస్తుంది. ఊరి జట్టు తొలి గోల్ చేసిన క్షణాన అన్ని వైపుల నుంచీ బొమ్మలు మంచు మీదికి వస్తాయి. ఆటగాళ్ళూ, సిబ్బందీ, స్వచ్ఛంద సేవకులూ వాటిని పోగుచేసి పెద్ద సంచులకెత్తి వాహనాల మీద బయటికి తరలించేవరకు ఆట ఆగిపోతుంది. మంచుకు తడవకుండా బొమ్మను ప్లాస్టిక్ సంచిలో చుట్టమని, బ్యాటరీలు ఉంటే తీసివేయమని జట్లు కోరుతాయి, ఎందుకంటే గట్టి వస్తువు తలకు తగిలితే ఆపద, బ్యాటరీ మంచులో జారిపడితే స్కేట్ల అంచుకు ప్రమాదం. లెక్కించిన బొమ్మలను ఆసుపత్రులకు, ఆశ్రయ గృహాలకు, పిల్లల సేవాసంస్థలకు పంచుతారు. ఈ ఏర్పాటులో ఒక సూక్ష్మం గమనింపదగింది: హుండీలో డబ్బు వేసేవాడు ఒంటరిగా వేస్తాడు, బొమ్మ విసిరేవాడు వేలమందితో కలిసి, తన పిల్లల కళ్ళెదుట, ఆనందంతో కేకలు వేస్తూ ఇస్తాడు. ఇచ్చే చర్యనే వేడుకగా మార్చడమే కామ్‌లూప్స్ చేసిన అసలు ఆవిష్కరణ.

కెనడాలోనే ఆల్బర్టా రాష్ట్రానికి చెందిన కాల్గరీ హిట్‌మెన్ అనే జూనియర్ జట్టు ఈ ఆచారాన్ని 1995లో అందుకుని, దానిని ఎవరూ ఊహించని స్థాయికి తీసుకువెళ్ళింది. 2015 డిసెంబర్ 6న ఆ జట్టు సేకరించిన బొమ్మలు 28,815. అక్కడి ఆటగాళ్ళు బొమ్మలను స్వయంగా ఆల్బర్టా బాలల ఆసుపత్రికి తీసుకువెళ్ళి మంచాల పక్కన కూర్చుని పిల్లలకు అందించడం ఈ ఆచారంలో భాగమైపోయింది. పదిహేడేళ్ళ కుర్రవాడు తనకంటె చిన్నవారి బాధను దగ్గరగా చూసే అవకాశం అది. ఆట నేర్పే పాఠశాలలో ఇంతకంటె విలువైన పాఠం మరొకటి ఉండదు.

అమెరికాలో ఈ ఆచారానికి రాజధాని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ. అక్కడి హెర్షీ బేర్స్ అమెరికన్ హాకీ లీగ్‌లో 1938 నుంచి నిరంతరాయంగా ఆడుతున్న జట్టు, కాల్డర్ కప్పు అనే లీగు విజేత ట్రోఫీని పదమూడు సార్లు గెలుచుకుని అందరికంటె ముందున్న జట్టు, 2005 నుంచి పెద్ద లీగు జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు అనుబంధం. అయితే బొమ్మల విసురు అక్కడ అంతగా నాటుకోవడానికి విజయాలు కారణం కావు; ఆ ఊరి పుట్టుకలోనే దానికి మూలముంది.

చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ 1903లో తాను పుట్టిన పల్లెపట్టున కర్మాగారం నిర్మాణం ప్రారంభించి, దాని చుట్టూ కార్మికుల కోసం ఇళ్ళు, బడులు, ఉద్యానవనం, ట్రాములతో ఒక ఊరినే కట్టాడు. సంతానం లేని ఆయన, భార్య కేథరిన్‌తో కలిసి 1909లో అనాథ బాలుర కోసం ఒక పాఠశాలను నెలకొల్పే ధర్మకర్తృత్వ పత్రం, అంటే ఆస్తిని ఒక ధర్మకార్యం కోసం అప్పగించే దస్తావేజు, రాయించాడు; భార్య 1915లో మరణించిన తరువాత, 1918లో, తన చాక్లెట్ కంపెనీ వాటాలను ఆ పాఠశాల పేరిట ఉన్న ట్రస్టుకు ధారపోశాడు. ఆ పాఠశాల తొలి దశలో తెల్లజాతి అనాథ బాలురకే పరిమితమై, 1960ల చివర ఇతర జాతుల పిల్లలకు, 1970లలో బాలికలకు తలుపులు తెరిచిందన్న నిజాన్ని ఈ చరిత్ర నుంచి తీసివేయరాదు. ఈనాడు అది పేద కుటుంబాల పిల్లలకు తిండి, బస, చదువు, వైద్యం ఉచితంగా ఇచ్చే పెద్ద సంస్థ.

1930లలో మహామాంద్యం దేశాన్ని కుదిపినప్పుడు పనులు ఆపకుండా, హోటలు, సాముదాయిక భవనం, క్రీడాశాల వంటి కట్టడాలు చేపట్టి ఊరివారికి ఉపాధి కల్పించినవాడు హెర్షీ. ఆ కట్టడాలలో చివరివాటిలో ఒకటి 1936 డిసెంబర్‌లో తెరిచిన హెర్షీ క్రీడాశాల. ఆంటన్ టెడెస్కో అనే ఇంజనీరు రూపకల్పనలో, లోపల ఒక్క స్తంభమూ అడ్డురాకుండా, పలుచని కాంక్రీటు కప్పుతో వెలిసింది. 1932లో 'బార్స్' అని చాక్లెట్ బార్‌ను తలపించే పేరుతో ఏర్పడిన జట్టు, ఆ పేరు మరీ వ్యాపార ప్రకటనగా ఉందన్న విమర్శ వచ్చాక, 1936లో 'బేర్స్', అంటే ఎలుగుబంట్లు అయింది. ఈ జట్టుకు ఇప్పుడు యజమాని హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్ అనే సంస్థ. ఆ సంస్థకు యజమాని పాఠశాల పేరిట ఉన్న ట్రస్టే. అంటే ఆట చూడడానికి కొన్న టికెట్టు లాభం చివరికి చేరవలసిన గమ్యం పేద పిల్లల పాఠశాల. చిన్న లీగులలో అనేక జట్లు ధర్మకార్యాలు చేస్తాయి గాని, ధర్మకార్యమే యజమానిగా ఉన్న జట్టు అరుదు.

అటువంటి ఊళ్ళో ఎలుగుబంటి పేరున్న జట్టు ఎలుగుబంటి బొమ్మల సేకరణను 2001లో మొదలుపెట్టడం సహజంగానే జరిగింది. 2002లో ప్రారంభమైన జయంట్ సెంటర్ అనే కొత్త క్రీడాశాలలో హాకీకి ఆసనాలు సుమారు 10,500 మాత్రమే. 2018 డిసెంబర్ 2న అక్కడ పడిన బొమ్మలు 34,798. అదే రోజున కాల్గరీలో 29,635 బొమ్మలతో 2015 నాటి పాత రికార్డు దాటినా, హెర్షీ దానిని మించిపోయింది. 2019 డిసెంబర్ 1న 45,650, కోవిడ్ విరామం తరువాత 2022 జనవరిలో 52,341, 2023 జనవరిలో 67,309, 2024 జనవరిలో 74,599, చివరికి 2025 జనవరి 5న 1,02,343. సగటున ఒక్కొక్క ఆసనానికి దాదాపు పది బొమ్మలు. వ్యాపారులూ, బడులూ, సంఘాలూ ముందుగానే మూటలు కట్టి తేకుండా ఇది సాధ్యపడదు. ఈ సంఖ్యల పోటీలో బొమ్మ అందుకునే పిల్లవాడు మరుగున పడే ప్రమాదం ఉన్న మాట నిజమే గాని, లక్ష బొమ్మలను ఆ ఊరి చుట్టుపక్కల సేవాసంస్థలకు పంచిపెట్టగల యంత్రాంగాన్ని ఒక చిన్న పట్టణపు జట్టు నిలబెట్టగలిగిందంటే, ఆ ఊరు తన జట్టును ఎంత నమ్ముతుందో తెలుస్తుంది.

బొమ్మల విసురుతో పాటు చిన్న లీగులలో స్థిరపడిన నిధి సేకరణ పద్ధతులు మరికొన్ని ఉన్నాయి. ప్రత్యేక సందర్భం కోసం కుట్టించిన జెర్సీలను ఆటగాళ్ళు ఒక్క ఆటలో ధరించి, ఆట ముగియగానే వేలంపాటలో అమ్మి వచ్చిన సొమ్మును ఆసుపత్రికో, సైనిక కుటుంబాల నిధికో ఇవ్వడం ఒకటి. రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం మంచుకే గులాబీ రంగు వేసే రాత్రులు మరొకటి. 'ఫిఫ్టీ ఫిఫ్టీ' అనే లాటరీలో ప్రేక్షకులు కొన్న టికెట్ల మొత్తంలో సగం విజేతకు, సగం ధర్మకార్యానికి పోతుంది. 'చక్ అ పక్' ఆటలో మెత్తని నురగ పక్‌లను, పక్ అంటే హాకీలో బంతికి బదులుగా వాడే రబ్బరు బిళ్ళ, కొని విరామంలో రింక్ మధ్యనున్న గుర్తు మీదికి విసిరి బహుమతి గెలుచుకోవచ్చు.

ఆటగాళ్ళ వ్యక్తిగత సేవకూ గుర్తింపు ఉంది. హెర్షీ బేర్స్ తరఫున ఆడిన యానిక్ డుప్రే రక్తక్యాన్సర్‌తో 1997లో 24వ ఏట మరణించగా, ఊరికి సేవ చేసిన ఆటగానికి అమెరికన్ హాకీ లీగ్ ఏటా ఇచ్చే పురస్కారానికి ఆయన పేరు పెట్టారు. గోల్స్ లెక్కలతో సంబంధం లేని ఈ పురస్కారానికి ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళలో ఒకరి పేరును సూచిస్తుంది. పై అంచెకు పోవాలన్న తపనతో రోజులు గడిపే యువకులున్న లీగులో ఇది తక్కువ విషయం కాదు.

ఈ కార్యక్రమాలు టికెట్లు అమ్మడానికే అన్న విమర్శలో కొంత సత్యముంది. బొమ్మల విసురు ఉన్న రోజున ఆసనాలు త్వరగా నిండుతాయి, వాటిని రూపొందించేవారిలో ప్రచార విభాగంవారే ముందుంటారు. కానీ లాభాపేక్ష ఉన్నంత మాత్రాన దానం దానం కాకుండా పోదు. వెస్టర్న్ హాకీ లీగ్‌లో మూస్ జా, ప్రిన్స్ ఆల్బర్ట్, స్విఫ్ట్ కరెంట్, లెత్‌బ్రిడ్జ్ జట్లకు ఊరివారే సామూహిక యజమానులు. హెర్షీలో యజమాని ట్రస్టు. మిగిలినచోట్ల వ్యక్తులో, కంపెనీలో. యాజమాన్యం ఏ రూపంలో ఉన్నా, జట్టు మనుగడ ఊరి మీద ఆధారపడినంతకాలం తిరిగి ఇవ్వడం దానికి విధి అవుతుంది.

ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వేడుక దూరమైనది కాదు. డాలస్ ఉత్తర శివారులలో, తెలుగువారు ఎక్కువగా నివసించే ఫ్రిస్కో, ప్లేనో పక్కనే ఉన్న ఆలెన్ పట్టణానికి సొంత ఈసీహెచ్ఎల్ జట్టుంది. హెర్షీ ఫిలడెల్ఫియా నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. పిల్లలతో కలిసి శీతకాలంలో ఒక ఆటకు వెళ్ళదలచినవారు ముందుగా ఆ జట్టు ప్రకటించిన తేదీని, నియమాలను చూసుకుని, వాడిన బొమ్మలను రోగక్రిముల భయం వల్ల ఆసుపత్రులు తీసుకోవు కనుక, బ్యాటరీలు లేని కొత్త మెత్తని బొమ్మలనే ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకువెళ్ళాలి.