వైద్యంలో మనస్సాక్షి: ఆదోని కరువు నుంచి గుంటూరు ఆసుపత్రి దాకా

ఫలానా చికిత్స తన మతానికో నమ్మకానికో విరుద్ధమని చెప్పి వైద్యుడో నర్సో దాన్ని చేయకుండా తప్పుకోవడమే వైద్యంలో మనస్సాక్షి నిరాకరణ. 1967లో గర్భస్రావ చట్టం చేసినప్పుడు బ్రిటన్ ఈ హక్కును నాలుగో సెక్షన్‌లో రాసిపెట్టింది. 1971లో తన చట్టం చేసుకున్న భారతదేశం అలా రాయలేదు. వైద్యానికీ మనస్సాక్షికీ మధ్య పేచీ మాత్రం తెలుగునాట అంతకంటే పాతది. ఆ చరిత్రలో ఒక ఘట్టం ఆదోని ప్రాంతపు కరువుది, మరొకటి గుంటూరు ఆసుపత్రిది.

ఆదోని తాలూకా 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చింది. తర్వాత నూరేళ్లకు పైగా బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది. ఎమ్మిగనూరు అప్పట్లో ఈ తాలూకాలోని ఊరే. 1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. జొన్న, కొర్ర, పత్తి చేలోనే మాడిపోయాయి. జనం దాన్ని ధాత కరువన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ దెబ్బ గట్టిగా తగిలిన జిల్లాల్లో బళ్లారి ఒకటి, కర్నూలు మరొకటి. రైళ్లలో గింజలు వచ్చాయి గానీ, ఆ ధరకు కొనే శక్తి కూలివాళ్లకు లేదు. కంకర కొట్టడం, చెరువు పూడిక తీయడం, రోడ్డు వేయడం వంటి కరువు పనులే వాళ్లకు దిక్కయ్యాయి.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ కరువు ప్రాంతాల పర్యటనకు వచ్చాడు. ఖర్చు తగ్గించాలని మగ కూలికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. ఆ జొన్నలు విసిరి పిండి చేస్తే ఐదారు రొట్టెలవుతాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో సమ్మెట ఎత్తి దించే మనిషికి ఆ రోజంతటికీ తిండి అదే. ఉప్పు, మిరపకాయ, పప్పు, వంటచెరకు అన్నీ ఆ కాస్త డబ్బులోనే సర్దుకోవాలి.

దీన్ని ఎదిరించినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే. ఖైదీల తిండి మీద, వాళ్ల ఆరోగ్యం మీద ఏళ్ల తరబడి లెక్కలు కట్టిన వైద్యుడు. జైలులో పనిచేసే ఖైదీకి ఇచ్చేదాని కన్నా ఈ కూలి తక్కువని, పప్పూ కూరా లేని ఒట్టి గింజల మీద కష్టం చేసే ఒళ్లు నిలవదని ఆయన వాదించాడు. పస్తు మనిషిని ఒక్కరోజులో చంపదు. మొదట కండ కరుగుతుంది, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి, ఆ దశలో అన్నం పెట్టినా ఒంటపట్టదు. ప్రభుత్వోద్యోగి అయి ఉండి, ప్రభుత్వం పంపిన దొర లెక్కకు వైద్యుడిగా తలూపడానికి ఆయన ఒప్పుకోలేదు. టెంపుల్ రాసిన అధికారిక మినిట్లకు కార్నిష్ ఇచ్చిన జవాబు 1877లోనే అచ్చయింది. ఆ ఏడాది మే నాటికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే చాలా ప్రాణాలు పోయాయి. కార్నిష్ నిరాకరణ వల్ల ఏ రోగికీ సాయం ఆగలేదు, కరువు కూలీల తిండే కొంత పెరిగింది.

రెండో ఘట్టం కాన్పులది. పల్లెల్లో పురుడు పోసేది మంత్రసాని. కాన్పు అడ్డం తిరిగితే ఆమె చేతిలో ఉన్నది తక్కువ. మగ డాక్టరుకు చూపించడానికి చాలా ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు. స్త్రీ వైద్యుల అవసరం అంతుండగా, కన్యస్త్రీలు వైద్యం, ముఖ్యంగా కాన్పుల పని చేయకూడదని కాథలిక్ చర్చి నియమం ఉండేది. ఆస్ట్రేలియాలో వైద్యం చదివి, 1919లో ప్రసూతి, స్త్రీవ్యాధులు, నేత్రవైద్యాలలో ఎం.డి. పట్టా పొందిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి, జీసస్ మేరీ జోసఫ్ సభలో చేరింది. పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుని, కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేసింది. ఒక చిన్న మందుల కేంద్రం ఆమె కాలంలో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. ఆమె స్థానిక ఆడపిల్లలకు నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. కన్యస్త్రీలు కాన్పులు చేయవచ్చని రోమ్ అందరికీ వర్తించేలా ఒప్పుకున్నది 1936లో. ఇక్కడా మనస్సాక్షి వైద్యానికి అడ్డున్న నియమాన్నే సడలించింది.

అదే సంప్రదాయానికి రెండో వైపూ ఉంది. 1943లో గ్లౌరీ, కొందరు సిస్టర్లు కలిసి కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. గర్భస్రావం, సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్సలు చర్చి బోధనకు విరుద్ధం కనుక కాథలిక్ ఆసుపత్రులు వాటిని చేయవు. కాన్పుకు తలుపు తెరిచిన నమ్మకమే ఈ సేవలకు తలుపు మూసింది.

దేశంలో గర్భస్రావం 1860 శిక్షాస్మృతి 312వ సెక్షన్ కింద నేరంగా ఉండేది. నాటువైద్యాల పాలై తల్లులు చనిపోతుండటంతో 1964లో శాంతిలాల్ షా కమిటీ ఏర్పడింది. 1971లో వచ్చిన చట్టం 1972 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 20 వారాల దాకా అనుమతించింది, 2021 సవరణ కొందరికి దాన్ని 24 వారాలు చేసింది. అందులో మనస్సాక్షి మినహాయింపు లేదు. అత్యవసర స్థితిలో ఉన్నవారికి వైద్యం అందించడం ప్రతి వైద్యుడి బాధ్యత అని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 నాటి వైద్య మండలి నియమావళి ఇంకా స్పష్టంగా రాసింది: వైద్యపరంగా అవసరమైనప్పుడు కుటుంబ నియంత్రణకు, గర్భస్రావానికి మతం ఒక్కటే కారణంగా చూపి నిరాకరించరాదు. తనకు ఆ పని చేతకాదనుకున్న వైద్యుడు మాత్రం తప్పుకోవచ్చు. అడిగిన ప్రతివారికీ వైద్యం చేసి తీరాలని లేదు గానీ, అత్యవసరంలో కాదనకూడదు. ఒప్పుకున్న రోగిని చెప్పకుండా వదిలేయకూడదు.

ఈ నియమాల విలువ ఆదోని, ఎమ్మిగనూరు వంటి చోట్లే తెలిసివస్తుంది. నగరంలో ఒక డాక్టరు కాదంటే పక్క వీధిలో మరొకరు ఉంటారు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. కోసిగి, పెద్దకడుబూరు పల్లెలవాళ్లు ముందు ఆదోని ఏరియా ఆసుపత్రికి రావాలి. పంటలు లేని నెలల్లో మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబంలోని గర్భిణికి తెలిసిన డాక్టరంటూ ఎక్కడా ఉండరు. అలాంటి మనిషికి కాదన్న మాట అంటే ఒకరోజు కూలి, బస్సు చార్జీ, వారాల లెక్క దాటిపోవడం. తప్పుకునే వైద్యుడి నమ్మకం ఎంత నిజమైనదైనా, దాని ఖర్చు పడేది రోగి మీదే. అందుకే తప్పుకోవాలనుకున్నవారు ఆ మాట ముందే చెప్పి, చేసేవారి దగ్గరికి వేళ దాటకుండా పంపాలి.